తెలియదు అనే మూడో జవాబు

నమోదు 41. పడమటి గాలి.

ఇవాళ కోళ్ళగూడు తలుపు కూడా మొరాయించింది. దాన్ని నడిపే పెట్టె విప్పి చూస్తే లోపలంతా ఉప్పు పేరుకుని ఉంది. తుడిచాను, ఊదాను, చివరికి నోటికొచ్చినట్టు తిట్టాను. తిట్టాక ఒక్కసారి దీపం వెలిగి ఆరిపోయింది. కోళ్ళను నేనే తరుముకుంటూ తెప్పంతా పరిగెత్తాల్సి వచ్చింది. ఒక కోడిపెట్టయితే సముద్రంలోకి దూకుతానని బెదిరించింది కూడా.

ఇళ్ళన్నీ తెప్పల మీదే ఉన్న ఈ ఊళ్ళో అవి నిలకడగా తేలాలన్నా, తాగే నీళ్ళు వడకట్టాలన్నా, కోడి గూట్లోకి వెళ్ళాలన్నా ఈ పెట్టెలే దిక్కు. పెట్టెలన్నిటికీ వచ్చిన భాష గవ్వ. చాలా చిన్న భాష. మా పిల్లలు ఎక్కాలతో పాటే నేర్చుకుంటారు. ఎవరింటి పెట్టెకు వాళ్ళే రాసుకుంటారు. పక్కింటివాళ్ళు వచ్చి చదివి, "ఇంత చాంతాడంత ఎందుకు రాశావయ్యా" అని వెక్కిరించి, దిద్ది, మజ్జిగ తాగి వెళతారు.

కానీ గవ్వ తెలిసిన పెట్టెలు ఇప్పుడెక్కడా తయారుకావడం లేదు. గట్టు నుంచి పడవ మీద వచ్చే కొత్త పెట్టెలకు రవ్వ ఒక్కటే వచ్చు. అదీ చిన్న భాషే, గవ్వకన్నా చురుకు. గట్టు మీద ఉండి దాన్ని నేర్చుకొచ్చింది ఊరు మొత్తానికీ నేనొక్కదాన్నే. అందుకని ఊరిపెద్ద జోగినాథం గారు పొద్దున్నే మా గుమ్మంలో నిలబడ్డారు.

"తుఫాన్ల నెల వచ్చేలోపు గవ్వలో ఉన్నదంతా రవ్వలోకి మార్చెయ్యాలమ్మా సువార్తా. పాత పెట్టెలు అప్పటిదాకా ఆగేట్టు లేవు. అవి ఆగిపోతే తెప్పలు తిరగబడతయ్."

"అయిపోద్దండీ," అన్నాను. అబ్బో, ఎంత ధీమాగా అన్నానో.

నమోదు 44. పైరగాలి.

రెండు భాషలకూ ఒకచోట పొసగడం లేదు. గవ్వలో ఏ ప్రశ్నకైనా మూడు జవాబులు: అవును, కాదు, తెలియదు. "తెలియదు" అని వచ్చిందంటే పెట్టె చేస్తున్న పని ఆపేసి గంట కొడుతుంది. దగ్గరున్న మనిషి వెళ్ళి, కళ్ళతో చూసి, అవునో కాదో మీట నొక్కాలి. రవ్వలో జవాబులు రెండే. గంట కావాలంటే ప్రతిచోటా విడిగా రాసుకోవాలి. మా ఊరి పెట్టెల్లో "తెలియదు" లేని పేజీ లేదు. ఇదంతా ఎప్పటికి తెమిలేది?

ఈ గోల చెప్పుకుందామని నాంచారయ్య బాబాయి తెప్పకు వెళ్ళాను. సొంత బాబాయి కాదు. మా అమ్మ పోయాక నన్ను పెంచి పెద్దచేసింది ఆయనా, సామ్రాజ్యం పిన్నీ. ఈనాటికీ వాళ్ళింట్లో కూరగిన్నె మూత తీసి చూసే చనువు నాకుంది.

"మీ రవ్వ అచ్చం మీ బాబాయే," అంది పిన్ని. "తెలవదని చచ్చినా ఒప్పుకోడు."

"మీ పిన్నికి తెలవందంటూ ఏదీ లేదు గదా, నాకు తెలవకపోయినా పర్లేదు," అని బాబాయి నవ్వుతూ మెడలో బిళ్ళ తీసి కొక్కేనికి తగిలించాడు. నీటిగదిలోకి దిగబోతున్నాడు.

ప్రతి తెప్ప కిందా ఒక నీటిగది ఉంటుంది. గాలి పెరిగితే పెట్టె ఆ గది మూత మూసి లోపలికి నీళ్ళు వదులుతుంది. తెప్ప బరువెక్కి ఊగకుండా ఉంటుంది. గాలి తగ్గాక తోడేస్తుంది. ఆ గోడలకు పట్టే గుల్లలు గీకడం బాబాయి పని. ఎవరు ఎక్కడున్నారో పెట్టెలకు చెప్పేది మెడలో బిళ్ళే. దాన్ని ఎప్పుడూ తియ్యకూడదని గట్టువాళ్ళ నియమం. అయితే మా తాతల కాలంలో ఒకాయన బిళ్ళ తాడు గుల్లలకు చిక్కుకుని లోపలే పోయాడట. అప్పట్నుంచీ ఇక్కడెవరూ బిళ్ళతో దిగరు. బిళ్ళ కొక్కేనికి ఉందంటే లోపల మనిషి ఉన్నాడని అర్థం. పైన ఇంకొకరు గంట వినపడేంత దూరంలో కాపలా ఉండాలి. బాబాయికి ఎప్పుడూ పిన్నే కాపలా. వయసులో ఉండగా జోగినాథం గారూ ఇట్లాగే దిగేవారట.

నమోదు 46. గాలి లేదు. ఉక్క.

"తెలియదు" వచ్చిన ప్రతిచోటా ఆగి, రవ్వలో ఏం రాయాలో ఆలోచిస్తున్నాను. గాలి తగ్గిందా? తెలియకపోతే తగ్గలేదనుకోవడమే క్షేమం, కాబట్టి "కాదు". నీళ్ళు తాగడానికి పనికొస్తాయా? తెలియకపోతే "కాదు". పడవ కట్టు గట్టిగా ఉందా? "కాదు". నీటిగదుల పేజీలు ఆఖరుకు ఉంచి, రెండు తెప్పలవి మిగతావన్నీ చూశాను. ప్రతిదానికీ "కాదు" అనే రాశాను. అన్నిచోట్లా అదే సరిపోయింది.

మూడో తెప్ప దగ్గర విసుగొచ్చింది. ఒకే మాట వెయ్యిసార్లు రాయడానికి నేనేమన్నా రామకోటి రాస్తున్నానా? నీటిగదులతో సహా మిగిలినవాటన్నిటిలోనూ "తెలియదు" ఉన్నచోటల్లా "కాదు" పెట్టెయ్యమని ఒక్క ఆజ్ఞ ఇచ్చాను. అన్నం కుక్కర్ కూత పెట్టేలోపు పనయిపోయింది. ఒక్కొక్కటీ తిరిగి చూడాలి. నడుం నొప్పిగా ఉంది, రేపు చూస్తాను.

నమోదు 49. పైరగాలి.

కొత్త పెట్టెలు బిగించడం అయిపోయింది. తెప్పలన్నీ సుతారంగా తేలుతున్నాయి. అన్నిటికన్నా ఊరివాళ్ళకు నచ్చింది గంట మోగకపోవడం. ఇదివరకు కొంగ వాలినా, బిళ్ళ తడిసినా గంటే. చంటిపిల్లలు ఉలిక్కిపడి లేచేవాళ్ళు. "గోల వదిలించావు, నీ కడుపు చల్లగుండ!" అని దారెంట దీవెనలు. పిన్ని గిన్నెడు రొయ్యల వేపుడు పంపింది.

జోగినాథం గారు మాత్రం అడిగారు. "గవ్వయితే నేనూ ఓసారి చదివేవాణ్ణి. ఈ రవ్వ నాకు అర్థమయ్యి చావదు. అన్నీ చూశావు గదమ్మా?"

"చూశానండీ."

ఆయన వెళ్ళాక రొయ్యలు రుచించలేదు. మిగిలినవి ఈ వారంలో తప్పకుండా చూస్తాను.

నమోదు 52. తూర్పు గాలి. ఉన్నట్టుండి లేచింది.



బాబాయి పొద్దున నీటిగదిలో ఉన్నాడు. బిళ్ళ కొక్కేనికి ఉంది. పిన్ని తెప్ప అవతలి కొసన చేపలు ఎండబెడుతోంది. గాలి లేచింది. మూత మూసుకుంది, లోపలికి నీళ్ళు వదిలేసింది పెట్టె. పిన్ని కాళ్ళ కింద చెక్కలు దడదడలాడాయట. లోపల్నుంచి బాబాయి గీకుడు పారతో కొడుతున్నాడు. పిన్ని పరిగెత్తి చేతిచక్రం పట్టుకుని ఒక్కతే తిప్పింది. అది ఇద్దరు మగాళ్ళు తిప్పాల్సిన చక్రం. కేకలు విని మేమంతా వెళ్ళేసరికి మూత సగం తెరుచుకుంది, ఆమె అరచేతులు చిట్లి రక్తం కారుతున్నాయి. బాబాయి ముక్కులోంచి, నోట్లోంచి నీళ్ళు. ఊపిరి ఉందో లేదో తెలియలేదు. వైద్యం చేసే ఆవిడ గుండెల మీద నొక్కి నొక్కి ఊపిరి తెప్పించింది.

బతికాడు. మాట్లాడితే దగ్గుతెర. ఇక నీటిగదిలోకి దిగే ఊపిరి ఆయనకు రాదని ఆవిడ చెప్పింది.

మంచం పక్కన నన్ను చూసి, "నీ కొత్త పెట్టెలకు మచ్చ తెచ్చానా అమ్మా?" అన్నాడు. బిళ్ళ తీసినందుకు తప్పు తనదేననుకుంటున్నాడు! నేను బయటికొచ్చేశాను.

సాయంత్రం కూర్చుని వెతికాను. వెతకక్కర్లేకపోయింది, ఎక్కడుంటుందో నాకు తెలుసు. "లోపల మనిషి ఉన్నాడా?" బిళ్ళ కొక్కేనికి ఉంటే గవ్వ "తెలియదు" అనేది. ఆగి గంట కొట్టేది. నా రవ్వ "కాదు" అంది. మనిషి లేడు కాబట్టి మూత మూసి నీళ్ళు వదిలింది. ఊళ్ళో ఉన్న ప్రతి నీటిగదిలోనూ అదే "కాదు". నేను పెట్టిందే. చూశానండీ అన్నానే, ఏం చూశాను నా మొహం!

రేపు ఇంకొకరు దిగుతారు. అందుకని అప్పటికప్పుడు అన్ని తెప్పల్లోనూ ఆ చోటు దిద్దాను. మనిషి సంగతి తేలకపోతే ఆగాలి, గంట మోగాలి. ముందు దిద్దుదాం, పొద్దున్నే జోగినాథం గారికి చెబుదాం అనుకున్నాను. ఆ అనుకోవడం నిజమే, ఒట్టు.

నమోదు 53. తూర్పు గాలి.

నేను నోరు తెరిచేలోపే జోగినాథం గారు పెద్దల్ని వెంటబెట్టుకుని బాబాయి తెప్పకు వెళ్ళారు. నన్నూ రమ్మన్నారు. ఎవరూ దిగకుండా, ఒక బిళ్ళ కొక్కేనికి తగిలించి, గాలి లేచిందని పెట్టెకు చెప్పించారు.

గంట గణగణా మోగింది. మూత కదల్లేదు.

"పెట్టెలో లోపమేం లేదు," అన్నారాయన. "గంట బ్రహ్మాండంగా మోగుతోంది. ఆ గాలి హోరులో మన తెప్పలదాకా వినపడలేదేమో. మోగినా కాపలా మనిషి రాకపోయేసరికి ఈ కొత్తది కాసేపు చూసి మూసేసుకుందన్నమాట. మరి సామ్రాజ్యమ్మ ఏం చేస్తున్నట్టు?"

అక్కడే చెప్పాల్సింది. నిన్నటిదాకా అది మోగేది కాదండీ, రాత్రికి రాత్రి నేనే దిద్దాను అని ఒక్క ముక్క. అందరూ పిన్నివైపు చూశారు. ఆమె కట్టు కట్టిన చేతులు చూసుకుంటూ నిలబడింది. నేనూ అటే చూశాను. మంచి చెయ్యబోయి దిద్దాను, ఆ దిద్దుబాటే ఆమె మెడకు చుట్టుకుంది.

గవ్వలో ఉండుంటే పక్కింటి ముసలాయనైనా చదివి, "ఇదేదో కొత్తగా రాసినట్టుందే" అనేవాడు. రవ్వ చదివేవాళ్ళు ఎవరున్నారు? నేనే.

నమోదు 55. పడమటి గాలి.

ఊరి తెప్ప మీద పంచాయితీ. పిన్ని తలమీద కొంగు కప్పుకుని నిలబడింది.

"గంట మోగిందా సామ్రాజ్యమ్మా?"

"మోగిందేమో అయ్యా. నాకు తెలవదు."

"తెలవదంటే ఎట్టా? విన్నావా, లేదా?"

"గాలి హోరులో... చేపలు ఎగిరిపోతన్నయ్యని పట్టుకుంటన్నా. విన్లేదు."

"విన్లేదు," అని ఆయన పక్కనున్నవాళ్ళకు చెప్పారు. తర్వాత నావైపు తిరిగారు. "నువ్వు చెప్పమ్మా. ఆ రోజు గంట మోగిందా?"

ఊరంతా నన్నే చూస్తోంది. పిన్ని కూడా చూసింది. ఆ చూపులో అనుమానం ఏ కోశానా లేదు, నా సువార్త ఉందిలే అన్న భరోసా ఉంది.

"తెలియదండీ," అన్నాను.

నా భాషలో లేని మాట! ఊరందరి పెట్టెల్లోంచి వెతికి వెతికి తీసేసిన మాట, నా ప్రాణం మీదికొచ్చేసరికి నాకే కావాల్సివచ్చింది. సిగ్గు లేదు నాకు.

గంట విని రాని మనిషి ఇక కాపలాకు పనికిరాదని తీర్పు. నీటిగది పని చేసేవాళ్ళకే నడిమి తెప్పల్లో ఇళ్ళు. బాబాయి దిగలేడు, పిన్ని కాపలా కాయకూడదు. కాబట్టి ఇల్లు ఖాళీ చేసి కొస తెప్పకు మారాలి. అలలు ముందుగా తగిలేది అక్కడే.

బయటికొస్తుంటే పిన్ని నా చెయ్యి పట్టుకుంది. "అందరూ నన్ను ఏలెత్తి చూపిచ్చారు. నువ్వొక్కదానివే మోగిందనలా. అంతే చాలమ్మాయ్," అంది.

నమోదు 58. తూర్పు గాలి.

సామాను మొయ్యడానికి వెళ్ళాను. వెళ్ళకుండా ఉండలేను, వెళ్ళి ఆ ఇంట్లో నిలబడలేను. బిందెలు మోశాను, పరుపులు మోశాను. పిన్ని పదేపదే "నీకెందుకే ఈ శ్రమ" అంటుంటే వీపు మీద వాతలు పెట్టినట్టుంది.

బాబాయి పిన్నితో మాట్లాడడం లేదు. తీర్పు విన్న రోజు ఒక్కమాట అన్నాడట. "నా పానం నీ చేతిలో పెట్టి దిగా గదే. చేపలెక్కువైనయ్యా నీకు?" ఆ తర్వాత గోడవైపు తిరిగి పడుకున్నాడు. కంచం పెడితే తింటాడు, నీళ్ళిస్తే తాగుతాడు, అంతే. పెళ్ళయిన నాటినుంచీ పోట్లాడుకోకుండా ఒక్కపూటైనా గడపని జంట. ఆ పోట్లాటల మధ్యే నేను పెరిగాను. ఆ ఇంట్లో ఇప్పుడు దగ్గు తప్ప చప్పుడు లేదు.

చెప్పెయ్యాలని పొయ్యి దగ్గర రెండుసార్లు "పిన్నీ" అన్నాను. రెండుసార్లూ "ఏంటమ్మా" అంది. ఒకసారి ఉప్పు ఎక్కడుందని అడిగాను. రెండోసారి ఏమీ లేదన్నాను.

నమోదు 61. గాలి మెత్తగా ఉంది.

మధ్యాహ్నం కొస తెప్పకు కూర పట్టుకుని వెళ్ళాను. పిన్ని నాకోసమే చూస్తున్నట్టుంది.

"అమ్మాయ్, నాకో సాయం చేసి పెట్టు. ఈ తెప్ప గంట ఓసారి మోగిచ్చు. నేను ఆ కొసకెళ్ళి కూకుంటా. నా చెవులకి వినపడుద్దో లేదో చూసుకోవాల."

"ఇప్పుడెందుకు పిన్నీ అదంతా?"

"చెయ్యవే. నిద్ర పట్టట్లా నాకు."

తెప్ప కొసకు వెళ్ళి వీపు ఇటు పెట్టి కూర్చుంది. ఆ రోజులాగే తలకు గుడ్డ చుట్టుకుంది. నేను గంట మీట నొక్కాను. గంట మోగిందో లేదో ఆమె చెయ్యి పైకి లేచింది.

"ఈసారి నాకు చెప్పకుండా కొట్టు!" అని అరిచింది. కాసేపాగి కొట్టాను. వెంటనే చెయ్యెత్తింది. చెవుల్లో గుడ్డపీలికలు కుక్కుకుని మళ్ళీ కొట్టమంది. కొట్టాను. మళ్ళీ చెయ్యెత్తింది.

లేచి నా దగ్గరికి గబగబా నడిచొచ్చింది. మొహం వెలిగిపోతోంది. "నా చెవులు నిక్షేపంగా ఉన్నయ్యే! నేను చెవిటిదాన్ని కాదు!" అని నా భుజం పట్టి ఊపింది. నేనూ నవ్వబోయాను. అంతలో ఆమె చెయ్యి నా భుజం మీదే ఆగిపోయింది.

"మరి ఆ రోజు వినపడకుండా ఎట్టా ఉంటది?" అంది మెల్లగా. "వినపడే ఉంటది. విని కూడా లేవలేదన్నమాట నేను. ఈ చేప ఒక్కటీ తిప్పి పోదాంలే అనుకుని ఉంటా. ఆయన అన్నది నిజమే. నేనే ఆయన్ని..." అని కూలబడిపోయింది.

నేను చూస్తూ నిలబడ్డాను. ఇంకొక్క క్షణం ఊరుకుంటే ఈ మనిషి బతికినన్నాళ్ళూ అదే నమ్ముతుంది. తన మొగుణ్ణి చేపలకోసం నీళ్ళలో వదిలేశాననే నమ్ముతూ పోతుంది.

"మోగలేదు పిన్నీ," అన్నాను.

"ఏంటి?"

"ఆ రోజు గంట మోగలేదు. మోగకుండా చేసింది నేనే. చూడకుండా మార్చేశాను. ఆ సాయంత్రమే దిద్దేశాను. అందుకే మర్నాడు వాళ్ళు చూస్తే మోగింది. నువ్వు వినడానికి ఆ రోజు అక్కడ చప్పుడే లేదు."

పిన్ని చెవుల్లోంచి గుడ్డపీలికలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "పంచాయితీలో నిన్ను అడిగినప్పుడు కూడా తెలుసా నీకు?"

"తెలుసు."

"నేను నీ చెయ్యి పట్టుకున్నప్పుడూ?"

"తెలుసు పిన్నీ. కొట్టు నన్ను."

"నిన్ను కొట్టే ఓపిక నాకు లేదు," అంది. లేచి, బొబ్బలు ఆరని చేతుల్ని చీరకు తుడుచుకుంది. నాకేసి చూడలేదు. "ఊరికి తర్వాత చెబుదువు గాని. ముందు లోపలికి నడువు. ఆయన నా మొహం చూసి ఎన్నాళ్ళయిందో తెలుసా నీకు?"

ముందు తను నడిచింది, వెనక నేను. గుమ్మం దగ్గర ఆగిపోయింది, లోపలికి రాలేదు. "ఇదుగో, సువార్తొచ్చింది. నీకేదో చెప్తదంట," అని గోడ పక్కకు జరిగింది.

బాబాయి దగ్గుతూ గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. నన్ను చూసి ఎప్పటిలాగే నవ్వాడు.

"రామ్మా. అన్నం తిన్నావా?"

"ఇంకా లేదు బాబాయ్," అన్నాను. కూర్చోమని స్టూలు చూపించాడు. కూర్చోలేదు, నిలబడే చెప్పడం మొదలుపెట్టాను.